పది మంది కలిసుండే పల్లెటూరి ఇల్లు: ఎంత కాలుస్తున్నామో లెక్క వేసుకోవడం, తగ్గించుకోవడం

మా ఇంట్లో పదకొండు మందిమి ఉంటాం, ఒకే వంటిల్లు, ఒకే బోరు, ఒకే పెరడు. ఒకసారి నెల రోజులు ప్లాస్టిక్ కవర్ల మీద గొడవ పడ్డాం, ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు, సంచి పట్టుకెళ్ళొచ్చు కదా అని. ఆ నెలంతా పెరట్లో వేణ్ణీళ్ళ పొయ్యి మండుతూనే ఉంది, దాని వైపు ఒక్కరూ చూడలేదు. తర్వాత ఎందుకో తోచి పొయ్యిలోకి వెళ్ళే కట్టెలు తూచి చూస్తే రోజుకి 14 కిలోలు. ఆ నెలలో పోగైన కవర్లన్నీ కలిపినా కిలో లేవు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే, ముందు తూచండి, తర్వాత పోట్లాడుకోండి. కంటికి కనిపించే చెత్త మీద అందరికీ కోపం వస్తుంది, పొగై పోయేది ఎవరికీ పట్టదు, కానీ అసలు బరువంతా అక్కడే ఉంటుంది.

మొదటి పని: ఎవరెవరు లెక్కలోకి వస్తారు

ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ ఇక్కడ తప్పు చేస్తే తర్వాత లెక్కంతా తప్పే. ఇంట్లో పదకొండు మంది అంటాం, ఇద్దరు వారానికి నాలుగు రోజులు బయటే ఉంటారు, సెలవలకి ఆరుగురు చుట్టాలు దిగుతారు. అందుకని మనుషుల్ని కాకుండా మనిషి-రోజుల్ని లెక్కపెట్టండి. రాత్రి ఇంట్లో ఎంతమంది పడుకున్నారో గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో ఒక అంకె వేస్తే చాలు. నెలాఖరుకి మొత్తం వాడకాన్ని ఆ మొత్తంతో భాగిస్తే తలకి రోజుకి ఎంతో తేలుతుంది, అప్పుడే పోయిన నెలతో పోల్చడానికి ఒక అర్థం ఉంటుంది.

ఇంకోటి, ఇల్లు ఎక్కడ అయిపోతుంది, వ్యవసాయం ఎక్కడ మొదలవుతుంది అన్నది ముందే తేల్చుకోండి. పాలు అమ్ముతుంటే పశువుల లెక్కలో అమ్మిన పాల వంతు ఇంటి ఖాతాలో వేయక్కర్లేదు, పక్కన విడిగా రాసుకోండి. దాచేయమని కాదు, కలిపేయొద్దని.

ఒక వారం తూకం

వంటింటి తలుపు దగ్గర దారం కట్టిన పెన్నుతో ఒక నోటుబుక్ వేలాడదీయండి. ఫోన్ యాప్ వద్దు, మేం ట్రై చేశాం, ముగ్గురే రాశారు, అందులో ఒకడు యాప్ తెచ్చినవాడే. నోటుబుక్ అయితే పెద్దవాళ్ళు కూడా రాస్తారు, పైగా ఎవరు రాయలేదో అందరికీ కనపడుతుంది.

రాయాల్సినవి: కరెంటు మీటర్ రీడింగ్ రోజూ ఒకే టైముకి. గ్యాస్ సిలిండర్‌ని వారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తూచాలి, బాత్రూమ్ స్కేలు మీద మీరు దాన్ని పట్టుకుని నిలబడి, తర్వాత మీ బరువు తీసేసినా సరిపోతుంది. కట్టెలు పొయ్యిలో పెట్టేముందు. ఏ బండిలో ఎన్ని లీటర్లు పోశారు, ఎంత దూరం తిరిగారు. చెత్త ఎన్ని కిలోలు, అందులో తడిది ఎంత, ప్లాస్టిక్ ఎంత, తగలబెట్టింది ఎంత (అబద్ధం రాయకండి, అందరికీ వాసన వస్తుంది). మోటార్ ఎన్ని గంటలు నడిచింది. పశువులు ఎన్ని, పొలంలోనో పెరట్లోనో ఎరువు ఎంత వేశారు.

ఒక్క వారం చాలదు, ఎండల్లో ఒక వారం, చలిలో ఒక వారం చూడాలి. ఎండల్లో ఫ్యాన్లూ నీళ్ళూ ఎక్కువ, చలిలో వేణ్ణీళ్ళు ఎక్కువ, ఒకటి చూసి ఏడాదిని ఊహిస్తే బోల్తా పడతారు.

తర్వాత వీటన్నిటినీ ఒకే తూకంలోకి తేవాలి, అంటే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ ఎన్ని కిలోలో చూడాలి, దానికి గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు కొన్నే. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్‌కి సుమారు 2.7, కిలో వంటగ్యాస్‌కి సుమారు 3 కిలోలు. కరెంటుకి మాత్రం ఒకే అంకె చెప్పలేం, బొగ్గు మీదే నడిచే గ్రిడ్‌లో యూనిట్‌కి కిలో దాకా ఉంటుంది, జలవిద్యుత్తు ఎక్కువున్న చోట అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు, మీ ప్రాంతానికి కరెంటు సంస్థ వాళ్ళు ఇచ్చే అంకె తీసుకోండి. మీథేన్ అయితే వందేళ్ళ లెక్కలో కిలోకి 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం (పశువుల నుంచీ కుళ్ళే వాటి నుంచీ వచ్చేదానికి), నైట్రస్ ఆక్సైడ్ (నత్రజని ఎరువుల నుంచి వచ్చేది) అయితే 273.

వేణ్ణీళ్ళ పొయ్యి కథ

ఈ ఒక్కటీ కాస్త విడమర్చి చెప్తాను, మా ఇంట్లో అన్నిటికంటే సిగ్గుపడింది దీని దగ్గరే.

పదకొండు మందికి తలా 20 లీటర్లు, అంటే 220 లీటర్లు. నీళ్ళని 20 డిగ్రీలు వేడెక్కించాలి అనుకుందాం. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ పెంచడానికి 4.2 కిలోజౌల్స్ కావాలి, అంటే మొత్తానికి దాదాపు 18 మెగాజౌల్స్. ఎండిన కట్టె కిలోలో సుమారు 15 మెగాజౌల్స్ ఉంటుంది. అంటే వేడి అంతా నీళ్ళకే వెళ్తే కిలోంపావు కట్టె చాలు! మేం కాలుస్తున్నది 14 కిలోలు. నూటికి తొమ్మిది వంతులు నీళ్ళకి, మిగతా తొంభై ఒకటి పెరటికి, గాలికి, పక్కన నిలబడ్డవాళ్ళ కళ్ళకి.

మా పొయ్యి ఏదో ప్రత్యేకంగా చెడ్డది కాదు, మూడు రాళ్ళ మీద గిన్నె పెడితే మామూలుగా అంతే, నూటికి పది పదిహేను వంతులు దక్కితే గొప్ప.

ఏం చేశాం అంటే, ఖర్చు లేనివి ముందు. కాగుకి మూత, అంతకుముందు మూతే లేదు, ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు. కాగు చుట్టూ మట్టితో గోడలా కట్టి, కాగుకీ గోడకీ మధ్య వేలెడు సందు వదిలాం, మంట పక్కలకి పారిపోకుండా కాగుని రాసుకుంటూ పైకి పోతుంది. సందు మరీ ఇరుకైతే పొగ ముందుకి తన్నేస్తుంది, వెడల్పైతే ఉపయోగం లేదు, రెండు మూడు సార్లు చెక్కి చూసుకోవాలి. కట్టెలు సన్నగా చీల్చి, వాన పడని చోట పేర్చి, నెలలు ఆరనిచ్చాం. పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీళ్ళే, ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే మంట సరిపోతుంది. అలా చేశాక 14 నుంచి 8కి దిగింది. ఆ తర్వాతే సోలార్ హీటర్ గురించి మాట్లాడుకున్నాం. 100 లీటర్లకి సుమారు 2 చదరపు మీటర్ల ప్యానెల్ కావాలి, పదకొండు మందికి సరిపడా పెట్టాలంటే ఎండ పడే కప్పు కావాలి, కాబట్టి ముందు మూత వెతకండి, తర్వాత కప్పు ఎక్కండి.

వంట

"మా కట్టెలు మా చెట్లవే, మళ్ళీ మొలుస్తాయి, లెక్కలోకి రావు" అని ఎవరో ఒకరు అంటారు. కొంత నిజమే. కొట్టినంత మళ్ళీ పెరుగుతుంటే ఆ కార్బన్ తిరిగి చెట్టులోకే పోతుంది. కానీ సరిగా మండని పొయ్యి నుంచి మీథేన్, నల్లమసి కూడా వస్తాయి, అవి ఆ తిరుగుడులో లేవు. అన్నిటికన్నా ముందు వండేవాళ్ళ ఊపిరితిత్తులు ఉన్నాయి. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నా మట్టుకు నాకు ఇందులో వాదనేం లేదు, గోడల మధ్య వంట గ్యాస్ మీదో కరెంటు మీదో గోబర్ గ్యాస్ మీదో జరగాలి, కట్టెలు ఆరుబయట వేణ్ణీళ్ళకి మాత్రమే. పొయ్యి ముందు కూర్చోనివాళ్ళే కట్టెల రుచి గురించి ఎక్కువ మాట్లాడతారు, ఇది కూడా గమనించాను.

ఏ పొయ్యి అయినా, మూత పెట్టడం, గింజలు ముందురోజు నానబెట్టడం, ప్రెజర్ కుక్కర్ వాడటం, ఉడుకు వచ్చాక మంట తగ్గించడం (మామూలు గిన్నెలో ఎంత తెర్లినా నీళ్ళు 100 డిగ్రీలు దాటవు, ఎక్కువ మంట వేస్తే ఆవిరి ఎక్కువ అంతే). పెద్ద గిన్నెలో ఒకేసారి వండుకోవడం కలిసుండటంలో ఉన్న అసలు లాభం. కానీ నలుగురు నాలుగు టైముల్లో వచ్చి నాలుగుసార్లు వేడి చేసుకుంటే ఆ లాభం అంతా పోయింది. వండిన గిన్నెని పాత దుప్పట్లు కుక్కిన పెట్టెలో పెడితే గంటల కొద్దీ వేడిగా ఉంటుంది. తినేది నాలుగైదు గంటల తర్వాతైతే మాత్రం పెట్టెని నమ్ముకోకండి, గోరువెచ్చగా ఉండిపోతే పాడవుతుంది.

గోబర్ గ్యాస్ పెడదాం అనుకునేవాళ్ళకి

పశువులున్న ఇంట్లో అందరికీ ఈ ఆలోచన వస్తుంది, మంచిదే, కానీ ముందు రెండు లెక్కలు చూడండి. 25 కిలోల పేడకి రోజుకి సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, అది సుమారు 450 గ్రాముల వంటగ్యాస్‌తో సమానం. పది పదకొండు మందికి వంటంతా దాని మీదే అంటే రోజుకి మూడు ఘనపు మీటర్ల దాకా కావాలి, అంటే 75 కిలోల పేడ. రెండు పశువులు పెట్టుకుని పెద్ద ప్లాంటు కడితే అది నీళ్ళు లేని బావే.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. ఆ ఘనపు మీటరులో అరవై శాతం దాకా మీథేనే, అంటే 400 గ్రాముల పైన. అది కాలకుండా అలాగే గాల్లోకి పోతే దాదాపు 11 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మండిస్తే మనం ఆదా చేసే వంటగ్యాస్ లెక్క 1.35 కిలోలు. అంటే అటూ ఇటుగా ఎనిమిదో వంతు లీకైనా గ్యాస్ మానేసిన లాభం గాల్లో కలిసిపోయినట్టే. కాబట్టి నెలకోసారి సబ్బు నీళ్ళు పైపు జాయింట్ల మీద, వాల్వు మీద, డ్రమ్ము అంచున రాసి బుడగలు చూడండి. గ్యాస్ మిగిలిపోతుంటే ఊరికే వదిలేయకుండా పొయ్యి వెలిగించి నీళ్ళు కాచుకోండి. బయటకొచ్చే స్లర్రీ (పేడ జావ) మంచి ఎరువు, దాన్ని కూడా గుంటలో నెలల తరబడి నిలవ ఉంచితే మళ్ళీ మీథేనే.

పశువులు, పేడకుప్ప, ఎరువు

ఒక్కో ఆవు నెమరేస్తూ త్రేన్చేదాంట్లోనే ఏడాదికి 50 నుంచి 100 కిలోల దాకా మీథేన్ పోతుంది, జాతిని బట్టీ మేతను బట్టీ. 60 కిలోలు అనుకున్నా 27తో గుణిస్తే 1,620 కిలోలు, అంటే 700 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఈ అంకె మా ఇంట్లో చదివిన రోజు ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే స్కూటర్ మీద తిరుగుతున్నాడని తిట్లు తిన్న కుర్రాడు ఏడాదికి 90 లీటర్లు పోయిస్తున్నాడు. ఆవుల్ని తోలేయమని నేను చెప్పను, పాలూ పేడా వస్తున్నాయి. ఎన్ని అవసరమో కూర్చుని మాట్లాడుకోవచ్చు, నాసిరకం మేత తక్కువ చేసి అంతే మేతకి పాలు ఎక్కువ వచ్చేలా చూసుకోవచ్చు.

పేడకుప్పని తడిగా గుంటలో తొక్కేస్తే గాలాడక మీథేన్ వస్తుంది. నేల మీద కుప్పగా పోసి, ఎండుటాకులో గడ్డో కలిపి, వారం పది రోజులకోసారి తిరగేస్తే చాలా తగ్గుతుంది. వంటింటి చెత్త బకెట్‌కి రెండు మూడు బకెట్ల ఎండు సరుకు. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఎండాకు వేయండి, అసలు రాకపోతే నీళ్ళు చల్లండి. లోపల 55 డిగ్రీలు దాటి మూడు నాలుగు రోజులు ఉంటే కలుపు విత్తనాలూ రోగక్రిములూ చాలావరకు చస్తాయి. ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి పట్టుకుని చూడండి, పట్టుకోలేనంత వేడుంటే కుప్ప బాగా పనిచేస్తున్నట్టు.

యూరియా వాడుతుంటే అది కూడా రాయండి. 50 కిలోల యూరియాలో 23 కిలోల నత్రజని, అందులో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని అంచనా వేసినా అదే 100 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, యూరియా నుంచి నేరుగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఇంకో 35 పైన, ఫ్యాక్టరీలో తయారీ లెక్క వేరే.

నీళ్ళూ మోటారూ

రాత్రి అందరూ పడుకున్నాక కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి, పొద్దున్నే ఎవరూ వాడకముందే చూడండి. మీటరు పొడవు మీటరు వెడల్పు ట్యాంకులో మూడు సెంటీమీటర్లు దిగితే 30 లీటర్లు పోయినట్టు. మాకు దిగింది. కుళాయిలన్నీ చూశాం, పొడిగా ఉన్నాయి, చివరికి లెట్రిన్ ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి పావుగంట ఆగితే కింద తెల్లటి పింగాణీ మీద రంగు సన్నగా జారుతూ కనిపించింది. లోపల రబ్బరు వాషర్ అరిగిపోయింది, అంతే, ఎన్నాళ్ళుగా కారుతోందో.

మోటారు సంగతి: వెయ్యి లీటర్లని 30 మీటర్లు పైకి తోడటానికి లెక్క ప్రకారం 0.08 యూనిట్ చాలు, చిన్న మోటార్లతో నిజంగా అయ్యేది 0.2 నుంచి 0.3. మీ మీటర్ చూసుకుంటే 0.6 వస్తోందా, అయితే లోపల ఇంపెల్లర్ (నీళ్ళని నెట్టే చక్రం) అరిగింది, లేదా పైపు సన్నం, లేదా ఎక్కడో కారుతోంది. ట్యాంకు నిండాక పొంగిపోతుంటే ఆటో కటాఫ్ పెట్టించండి, "నేను ఆపుతాలే" అన్నవాళ్ళెవరూ ఆపరు.

కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకి ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు, కొంత పోగా 1,600 అయినా పట్టొచ్చు, తొలి జల్లు మాత్రం వదిలేయాలి, కప్పు మీద దుమ్మూ రెట్టా అందులోనే ఉంటాయి. స్నానాల నీళ్ళు చెట్లకి పెట్టండి, కానీ ఒక రోజు మించి నిలవ పెట్టొద్దు, పచ్చిగా తినేవాటికి అసలు పోయొద్దు. లెట్రిన్ గుంత బావికి కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి, ఇసుక నేలైతే ఇంకా దూరం.

కరెంటు

లైట్లు ఆర్పలేదని అరవడం మానేయండి, 9 వాట్ల ఎల్ఈడీ రాత్రంతా వెలిగినా పది గంటలకి 0.09 యూనిట్. ఫ్యాన్లు చూడండి, పాతది 70 నుంచి 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారు) ఫ్యాన్ 30 వాట్ల చిల్లర, ఎనిమిది ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగే ఇంట్లో ఐదు యూనిట్ల దాకా తేడా. కలిసుండే ఇళ్ళలో ఇంకో జబ్బు, ఎవరి ఫ్రిజ్ వాళ్ళు తెచ్చుకుంటారు, మూడు ఫ్రిజ్‌లు సగం సగం ఖాళీగా తిరుగుతుంటాయి. ఒకటి తీసేసేటప్పుడు పాత సామాన్ల వాడికి ఊరికే ఇచ్చేయకండి, వాడు పైపు కోస్తాడు, లోపలి గ్యాస్ గాల్లోకి పోతుంది. పాత ఫ్రిజ్‌లో చల్లబరిచే ఆర్ 134ఏ గ్యాస్ 150 గ్రాములున్నా అది 200 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. గ్యాస్ వెనక్కి లాగే మెషీన్ ఉన్న మెకానిక్‌తో తీయించండి. కొత్తది కొంటే ఆర్ 600ఏ అని రాసున్నది చూడండి, ఆ గ్యాస్ లెక్క చాలా చిన్నది.

బండ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రానూపోనూ 40 కిలోమీటర్లు కారులో వెళ్ళొస్తే, లీటరుకి 15 ఇచ్చే కారైతే, ఆరు కిలోలు. తలుపు పక్కన పలక పెట్టి "రేపు టౌనుకి, ఏమైనా కావాలా" అని రాస్తే వారంలో నాలుగు ట్రిప్పులు రెండవుతాయి. చెత్త తగలబెట్టడం మాత్రం వెంటనే ఆపాలి, ఇందులో లెక్కలు కూడా అక్కర్లేదు, పైపు ముక్కల్లాంటి పీవీసీ కాలితే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి, అవి బూడిదతో పాటు మీ కూరమడిలోకే పోతాయి.

ఎవరు చేస్తారు

అసలు కష్టం ఇక్కడే. పదిమందిలో పాము చావదు. "అందరం జాగ్రత్తగా ఉందాం" అని తీర్మానం చేస్తే ఎవరూ ఉండరు. ఒక్కో పనికి ఒక్కో పేరు రాయండి, సబ్బు నీళ్ళ చెకింగ్ ఫలానా వదిన, మోటార్ రీడింగ్ ఫలానా బాబాయ్, కట్టెల తూకం ఫలానా కుర్రాడు. ఒకేసారి రెండు మార్పుల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు, అవి అలవాటయ్యాక మూడోది. పుస్తకంలో ఇంటి మొత్తమే రాయండి, "నువ్వు ఇంత వాడావు" అని మనిషి పేరు మీద రాశారంటే వారంలో పుస్తకం మాయమవుతుంది, మాకు ఒకసారి అయింది.

ఏడాదికి మళ్ళీ అదే సీజన్‌లో తూచండి, ఎండల్ని ఎండలతో, చలిని చలితో పోల్చండి. కొన్ని తగ్గకపోగా పెరుగుతాయి, మట్టిగోడ కట్టి కట్టెలు తగ్గాక మావాళ్ళు రెండు పూటలా వేణ్ణీళ్ళు పోసుకోవడం మొదలెట్టారు, 8 కిలోలు కాస్తా 10 అయింది. కూర్చుని మాట్లాడుకుని సాయంత్రం పూట మానేశాం. మా పెద్దాయన ఒక్కడు ఒప్పుకోలేదు, ఆయనకి నీళ్ళ కంటే పొయ్యి పక్కన కూర్చోవడమే కావాలి. సరే అన్నాం, ఆయన కట్టెలు ఆయనే తూచి పుస్తకంలో విడిగా ఒక గీత కింద రాస్తున్నాడు, నిన్నటికి కిలోన్నర.